వంటింటి పెద్ద హుడ్‌కి మేకప్ ఎయిర్: అందరూ అడిగే ప్రశ్నలు

మేం షికాగో శివార్లలో ఉంటాం. వంటిల్లు మార్పించుకుని కొన్నేళ్లయింది. అప్పటినుంచి ఇల్లు కొంటున్నవాళ్లు, కట్టిస్తున్నవాళ్లు, ఆరు బర్నర్ల స్టవ్ మీద మోజు పడ్డవాళ్లు ఫోన్ చేసి, స్టవ్ పైన పొగ లాగే హుడ్ (ఇండియాలో చిమ్నీ అంటాం) గురించి దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. ప్రతిసారీ మొదటినుంచీ చెప్పడం నావల్ల కాక ఇక్కడ రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. నేను హెచ్‌వీఏసీ (ఇంటి వేడి, చల్లదనం, గాలి ఏర్పాట్ల) మనిషిని కాను. దెబ్బ తిని నేర్చుకున్నవాణ్ణి.

## కొనకముందు

మేకప్ ఎయిర్ అంటే ఏంటి? పేరే వింతగా ఉంది.

ముఖానికి పూసుకునే మేకప్‌తో దీనికి సంబంధం లేదు. ఇది లోటు పూడ్చే గాలి. 600 సీఎఫ్‌ఎం హుడ్ అంటే నిమిషానికి 600 ఘనపుటడుగుల గాలిని ఇంట్లోంచి బయటికి తోసేది. అంత గాలీ ఎటునుంచో మళ్లీ లోపలికి రావాలి. దారి మీరు పెడితే మీరు పెట్టినచోటునుంచి వస్తుంది. పెట్టకపోతే పొయ్యి గొట్టంలోంచో, గ్యారేజీ తలుపు కిందనుంచో, వాటర్ హీటర్ గొట్టంలోంచో ఇల్లే దారి వెతుక్కుంటుంది.

మన తాలింపులకి 1200 సీఎఫ్‌ఎం కావాలని షోరూంలో అన్నారు. నిజమేనా?

స్టవ్‌ని బట్టి ఉంటుంది. గ్యాస్ స్టవ్‌కి వాడుకలో ఉన్న లెక్క, అన్ని బర్నర్ల బీటీయూలు (గంటకి ఇచ్చే వేడి కొలత) కలిపి ప్రతి 10,000కి 100 సీఎఫ్‌ఎం. మామూలు ఇంటి స్టవ్ మొత్తం 50,000 బీటీయూ ఉంటే 500 చాలు. హోటల్ తరహా ఆరు బర్నర్ల స్టవ్ 90,000 దాటితే 900 పైన అవుతుంది. కానీ ఆరు బర్నర్లూ ఒకేసారి పూర్తి మంట మీద పెట్టేది ఏడాదిలో ఎన్ని రోజులు? మా ఇంట్లో రెండు రోజులు.

ఎండుమిర్చి ఘాటుని ఆపేది అంకె కంటే హుడ్ ఆకారం. స్టవ్ కంటే రెండు పక్కలా మూడేసి అంగుళాలు వెడల్పుండి, ముందు బర్నర్లని కూడా కప్పేలా ముందుకొచ్చి, లోపల గిన్నెలా లోతుగా ఉన్న 600 హుడ్ చాలు. పల్చటి గాజు పలకలాంటి 1200 హుడ్ కంటే పొగని అదే బాగా పట్టుకుంటుంది. వెనక బర్నర్ మీద తాలింపు పెట్టడం అన్నిటికంటే చవకైన ఉపాయం.

400 దాటితే తప్పనిసరి అంటున్నారు. అది ఎక్కడి రూలు?

అమెరికాలో చాలా ఊళ్లు అనుసరించే ఇళ్ల నిర్మాణ కోడ్, ఐఆర్‌సీలోది. 2009 కోడ్ ప్రకారం 400 సీఎఫ్‌ఎం కంటే ఎక్కువ లాగగల వంటింటి హుడ్ ఏ ఇంట్లో ఉన్నా దాదాపు అంతే గాలి లోపలికి ఇవ్వాలి. 2015 నుంచి దాన్ని సడలించారు. మంట పొగని ఫ్యాన్ సాయం లేకుండా గొట్టంలోంచి దానంతటదే పైకి పోనిచ్చే గ్యాస్, నూనె, కట్టెల ఉపకరణం ఇంట్లో ఉంటేనే రూలు వర్తిస్తుంది. మీ ఊరు ఏ ఏడాది కోడ్ పాటిస్తోంది, దానికి సొంతంగా ఏం మార్పులు చేసుకుంది అన్నదే అసలు ప్రశ్న. గ్యాస్ స్టవ్‌ని కూడా ఆ జాబితాలో వేసే ఇన్‌స్పెక్టర్లుంటారు. హుడ్ కొనకముందే సిటీ బిల్డింగ్ ఆఫీసుకి ఫోన్ చేసి అడగండి. పది నిమిషాల పని.

600 హుడ్ కొని లో స్పీడ్‌లోనే వాడతాను. అప్పుడు అక్కర్లేదు కదా?

కోడ్‌లో ఉన్నది ‘లాగగల’ అన్న మాట. మీరు ఎంత స్పీడ్‌లో వాడతారన్నది ఇన్‌స్పెక్టర్‌కి అనవసరం, పెట్టె మీది గరిష్ఠం ఎంతో చూస్తాడు. కొన్ని కంపెనీలు మోటారుని 400 లోపు కట్టేసే కిట్ అమ్ముతాయి, దాన్ని బిగిస్తే ఒప్పుకుంటారు. మొదటినుంచీ 390 సీఎఫ్‌ఎం హుడ్ తీసుకుంటే ఈ తంటా మొత్తం తప్పుతుంది. నాలుగు బర్నర్ల మామూలు స్టవ్ ఉన్నవాళ్లకి నా సలహా అదే.

మాది ఇండక్షన్. గ్యాస్ లైనే లేదు. మాకూ కావాలా?

గ్యాస్, కట్టెలు, నూనె ఏవీ మండని ఇంట్లో విషవాయువు వెనక్కి తన్నే భయం లేదు, 2015 తర్వాతి కోడ్ కూడా అడగదు. అయినా ఇల్లు బిగుతుగా ఉంటే పెద్ద హుడ్ పెట్టె మీద చెప్పినంత లాగలేకపోతుంది. గాలి రాకపోతే ఏ ఫ్యానైనా ఊరికే తిరుగుతుంది. ఇండక్షన్‌లో వేడిగాలి తక్కువ లేస్తుంది కాబట్టి హుడ్ చిన్నదైనా సరిపోతుంది. గోడకి ఆనించిన హుడ్‌కి అడుగు వెడల్పుకి 100 సీఎఫ్‌ఎం, అంటే 30 అంగుళాల స్టవ్‌కి 250.

గాలి బయటికి పంపని హుడ్ పెట్టుకుంటే పీడ వదులుతుందిగా?

మేకప్ ఎయిర్ పీడ వదులుతుంది. వంట పీడ మాత్రం ఉండిపోతుంది. బొగ్గు ఫిల్టరు వాసన కొంత తగ్గిస్తుంది, జాలీ కొంత జిడ్డు పడుతుంది. ఆవిరి, గ్యాస్ మంట వదిలే వాయువులు ఇంట్లోనే తిరుగుతాయి. అపార్ట్‌మెంట్‌లో వేరే దారి లేనివాళ్లకి అది సర్దుబాటు. సొంత ఇంట్లో నేనైతే పెట్టను.

## అసలు ప్రమాదం ఏమిటి

గాలి రాకపోతే హుడ్ కాస్త తక్కువ లాగుతుంది, అంతేగా?

నేనూ అలాగే అనుకున్నాను. మొదట 900 సీఎఫ్‌ఎం హుడ్ పెట్టించాం. బిగించిన కాంట్రాక్టర్ మేకప్ ఎయిర్ అన్న మాటే ఎత్తలేదు, పర్మిట్ కూడా ‘అవసరం లేదండీ’ అన్నాడు. జనవరి, భోగి రోజు. ఇంటినిండా చుట్టాలు, బయట మంచు, కిటికీలన్నీ బిగించి ఉన్నాయి. అరిసెలు వేయిస్తూ హుడ్ హై మీద పెట్టాం. ముందు హాల్లోని కట్టెల పొయ్యి నుంచి తడి బూడిద వాసన వచ్చింది. తర్వాత వీధి తలుపు లాగితే రాలేదు, భుజం పెట్టి లాగాల్సొచ్చింది. నవ్వుకున్నాం. ఇంకో అరగంటకి బేస్‌మెంట్‌లో సీఓ (కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు) అలారం మోగింది.

జరిగింది ఇదీ. హుడ్ ఇంట్లోని గాలిని తోడేయడంతో లోపలి పీడనం బయటికంటే తగ్గింది. వాటర్ హీటర్ మంట నుంచి వచ్చే వేడిగాలి తేలిక కాబట్టి గొట్టంలో పైకి పోతుంది. ఆ ఎగబాకే బలం చాలా తక్కువ, 5 పాస్కల్ (పీడనం కొలత) తేడా వచ్చినా తిరగబడగలదు. గొట్టం పైకి లాగడం మానేసి బయటిగాలిని కిందికి లాగింది. దాంతోబాటు కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లో పరుచుకుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. అందర్నీ మంచులోకి పంపి తలుపులు బార్లా తీశాం, ఫైర్ వాళ్లు వచ్చి కొలిచారు. ఎవరికీ ఏం కాలేదు. అరిసెలు మాడిపోయాయి.

మా ఇల్లు పాతది, సందుల్లోంచి చలిగాలి కొడుతూనే ఉంటుంది. వేరే దారి దేనికి?

మీ మాటలో నిజముంది. 2,500 చదరపుటడుగుల ఇల్లు, 9 అడుగుల ఎత్తు అనుకోండి. కొత్త కోడ్ ప్రకారం చలి ప్రాంతాల్లో, పరీక్ష కోసం ఫ్యాన్‌తో లోపలికీ బయటికీ 50 పాస్కల్ తేడా తెచ్చి కొలిస్తే, ఇంట్లో గంటకి మూడుసార్ల కంటే ఎక్కువ గాలి మారకూడదు. అలాంటి బిగుతు ఇంట్లో 600 సీఎఫ్‌ఎం తోడితే సుమారు 19 పాస్కల్ తేడా వస్తుంది. గంటకి పదిసార్లు మారేంత సందులున్న పాత ఇంట్లో అదే హుడ్ తెచ్చే తేడా 3 పాస్కల్ లోపే.

అయితే పాత ఇల్లు పాతగానే ఉండదు. కిటికీలు మార్పిస్తారు, అటిక్‌లో (పైకప్పు కింది ఖాళీలో) ఫోమ్ కొట్టిస్తారు, కరెంటు బిల్లు తగ్గిందని సంతోషిస్తారు. ఆ రోజునుంచి లెక్క మారిపోతుంది. సందేహముంటే వీధి తలుపులో ఫ్యాన్ బిగించి చేసే ఆ పరీక్ష, బ్లోవర్ డోర్ పరీక్ష, చేయించండి. ఇంటి బిగుతు ఎంతో అంకెల్లో చెబుతారు.

మా వాటర్ హీటర్ ఏ రకమో ఎలా తెలుస్తుంది?

హీటర్ నెత్తిన చూడండి. రేకు గొట్టం, దాని కింద గొడుగులా చిన్న టోపీ, టోపీకీ హీటర్‌కీ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ ఉంటే అది సహజ డ్రాఫ్ట్ రకం. భయపడాల్సింది దానితోనే. నెత్తిన మోటారు డబ్బా ఉండి తెల్ల ప్లాస్టిక్ గొట్టం గోడలోంచి బయటికి పోతుంటే ఫ్యాన్ రకం. గాలి తెచ్చుకునే గొట్టం, పొగ పంపే గొట్టం రెండూ బయటికే ఉండి ఎక్కడా ఖాళీ లేకపోతే సీల్డ్ రకం, అన్నిటికన్నా నిశ్చింత. ఇంటిని వేడి చేసే ఫర్నేస్‌ని కూడా ఇలాగే చూసుకోండి. కట్టెల పొయ్యి ఉంటే అదీ సహజ డ్రాఫ్ట్ కిందికే వస్తుంది.

ఒక్కోసారి పాత వాటర్ హీటర్ తీసేసి సీల్డ్ రకమో ఎలక్ట్రిక్‌దో పెట్టడం మొత్తం మేకప్ ఎయిర్ ఏర్పాటు కంటే చవక.

మా ఇంట్లో పొగ వెనక్కి తన్నుతోందో లేదో నేనే చూసుకోవచ్చా?

దేవుడి గదిలోంచి ఒక అగరబత్తి తెచ్చుకోండి. కిటికీలు, తలుపులు అన్నీ మూసేసి బాత్‌రూం ఫ్యాన్లు, బట్టల డ్రయ్యర్ వేసి, హుడ్ హై మీద పెట్టండి. వేడినీళ్ల కుళాయి తిప్పి వాటర్ హీటర్ వెలిగేలా చేయండి. అయిదు నిమిషాలు ఆగి ఆ టోపీ అంచు దగ్గర అగరబత్తి పట్టుకోండి. పొగ లోపలికి పోయి పైకి లాగేస్తే సరే. పక్కకి, మీ మొహం మీదికి వస్తే వెంటనే హుడ్ ఆపి కిటికీలు తీయండి. ఆ హుడ్‌ని దారి ఏర్పాటయ్యేదాకా హై మీద వాడొద్దు. చలిరోజు పాసయితే ఎండాకాలం ఇంకోసారి చూడండి. బయట వేడిగా ఉన్నప్పుడు గొట్టం ఎగబాకే బలం ఇంకా తక్కువ.

సీఓ అలారం ఉందిగా. అది చాలదా?

ఉండాలి, కానీ దానిమీదే భారం వేయకూడదు. అమెరికాలో అమ్మే ఇంటి అలారాలు 70 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకి 70 వంతుల సీఓ) దగ్గర మోగడానికి గంట నుంచి నాలుగు గంటల దాకా తీసుకునేలా తయారవుతాయి. 400 దగ్గరైతే 4 నుంచి 15 నిమిషాలు. రోజూ వంటచేసే గంటసేపు కొద్దికొద్దిగా వచ్చేదాన్ని అది చెప్పదు. తలనొప్పిని మీరు చలికాలం మీదికి నెట్టేస్తారు.

వంట చేసేటప్పుడు కిటికీ తీస్తే సరిపోదా?

పనిచేస్తుంది, తీస్తే. ఫిబ్రవరిలో ఎవరూ తీయరు. కోడ్ అడిగేది హుడ్ వేయగానే దానంతటదే తెరుచుకునే దారి, మనిషి గుర్తుపెట్టుకుని తీసే కిటికీని చాలా ఊళ్లలో ఒప్పుకోరు. ఏర్పాటు అయ్యేదాకా మాత్రం కిటికీయే దిక్కు. వంటింటికి దగ్గరగా, స్టవ్‌కి ఎదురు గోడలో ఉన్నదాన్ని చేతివెడల్పుకు పైగా తీయండి. స్టవ్ పక్క కిటికీ తీస్తే అడ్డగాలి కొట్టి పొగ హుడ్‌కి అందకుండా హాల్లోకి పోతుంది.

## లెక్కలు, ఏర్పాటు

హుడ్ ఎంత లాగితే అంత గాలీ తేవాలా?

కోడ్ మాట ‘దాదాపు సమానం’. కాస్త తక్కువ ఉంటేనే మంచిది, వంటిల్లు మిగతా ఇంటికంటే కొంచెం లోటులో ఉంటే చేపల వేపుడు వాసన పడకగదుల్లోకి పోదు. ఎక్కువ తోస్తే తిరకాసు, వాసన అంతా మెట్లెక్కుతుంది.

ఫ్యాన్ లేకుండా 8 అంగుళాల రంధ్రం, డ్యాంపర్ (గొట్టంలో తెరుచుకుని మూసుకునే రేకు తలుపు) చాలని ఒకాయన అన్నాడు. నిజమా?

చిన్న హుడ్‌కి నిజం, పెద్దదానికి కాదు. ఫ్యాన్ లేని దారిలోకి గాలి రావాలంటే ఇల్లు లాగాలి, లాగాలంటే పీడనం తగ్గాలి, మనం తప్పించుకోవాలనుకుంటున్నది దాన్నే. 5 పాస్కల్ దగ్గర ఆపాలంటే 6 అంగుళాల రంధ్రం సుమారు 67 సీఎఫ్‌ఎం ఇస్తుంది, 8 అంగుళాలది 120, 10 అంగుళాలది 185. ఇవి వట్టి రంధ్రం లెక్కలు. పైపు, మలుపులు, జాలీ చేరితే ఇంకా తగ్గుతాయి. 600 సీఎఫ్‌ఎం అలా రావాలంటే గోడకి 18 అంగుళాల రంధ్రం కొట్టాలి. ఎవరు కొట్టిస్తారు? కాబట్టి సహజ డ్రాఫ్ట్ ఉపకరణం ఉన్న ఇంట్లో, పెద్ద హుడ్‌కి, ఫ్యాన్ ఉన్న ఏర్పాటే. ఉత్త డ్యాంపర్ కిట్ కోడ్ కాగితం మీద పాసవ్వచ్చు. వాటర్ హీటర్‌కి ఆ కాగితం సంగతి తెలియదు.

మాకు ఈఆర్‌వీ (ఇంటి పాతగాలిని పంపి తాజా గాలి తెచ్చే యంత్రం) ఉంది. అది ఇచ్చే తాజా గాలి సరిపోతుందిగా?

సరిపోదు. ఈఆర్‌వీ, అలాంటిదే అయిన హెచ్‌ఆర్‌వీ ఎంత గాలి తెస్తాయో అంతే బయటికి పంపుతాయి, అందుకే లోటు పూడదు. పైగా ఇళ్లలో ఉండేవి సాధారణంగా 100 నుంచి 200 సీఎఫ్‌ఎం. హుడ్ గొట్టాన్ని వాటికి కలపడం అసలే వద్దు, లోపలి పొరలు జిడ్డు పట్టి పాడవుతాయి.

గ్యారేజీ నుంచో అటిక్ నుంచో గాలి తీసుకుంటే చలి తక్కువ కదా?

గ్యారేజీ గాలిలో కారు పొగ, పెయింటు ఆవిర్లు ఉంటాయి. అటిక్‌లో ఇన్సులేషన్ దుమ్ము, ఎలుకల రెట్ట. నేరుగా బయటినుంచే తీసుకోవాలి.

షికాగో చలిలో ఆ గాలిని వేడి చేయకపోతే కాళ్లు గడ్డకట్టవా? ఎంత కరెంటు?

గడ్డకడతాయి. లెక్క సులువే: 1.08ని సీఎఫ్‌ఎంతో, లోపలి బయటి ఉష్ణోగ్రతల తేడాతో గుణిస్తే గంటకి కావలసిన బీటీయూ. బయట సున్నా ఫారెన్‌హీట్, లోపల 70, గాలి 600 అయితే 45,360 బీటీయూ, అంటే 13 కిలోవాట్లకు పైనే. చిన్న ఇంటి ఫర్నేస్ మొత్తం చేసే పని అది.

మేం 900 హుడ్ తీసేసి 600కి దిగాం, 10 కిలోవాట్ల ఎలక్ట్రిక్ హీటర్ పెట్టాం. సున్నా ఉన్న రోజు గాలి 53 డిగ్రీలకి వస్తుంది. చల్లగానే ఉంటుంది, కానీ స్టవ్ ముందు నిలబడ్డవాళ్లకి హాయే. 10 కిలోవాట్లంటే 240 వోల్టుల మీద 42 ఆంపియర్లు, విడిగా 60 ఆంపియర్ల బ్రేకర్ కావాలి. ప్యానెల్‌లో చోటుందో లేదో ఎలక్ట్రీషియన్ చూశాకే హీటర్ కొనండి. ఎలక్ట్రిక్ కారు చార్జరు ఇప్పటికే ఉన్న ఇళ్లలో ఇక్కడే కథ ఆగిపోతుంది.

ఇంకో మాట. ఈ వేడి ఖర్చు మేకప్ ఎయిర్ వల్ల కాదు, హుడ్ వల్ల. దారి పెట్టకపోయినా హుడ్ ఎంత తోడితే అంత చలిగాలీ సందుల్లోంచి వచ్చేది, దాన్ని ఫర్నేస్ వేడి చేసేది.

మేం హ్యూస్టన్‌లో ఉంటాం. హీటర్ అక్కర్లేదుగా?

హీటర్ అక్కర్లేదు, తేమ గురించి ఆలోచించండి. వేసవి ఉక్కలో డ్యూ పాయింట్ (గాలిలో తేమ నీరయ్యే ఉష్ణోగ్రత) 75 ఫారెన్‌హీట్ ఉన్న రోజు 600 సీఎఫ్‌ఎం అరగంట తెస్తే, ఏసీ ఇంటి గాలికంటే అదనంగా 5 లీటర్లకు పైగా నీరు ఆవిరిగా లోపలికి వస్తుంది. కొంత హుడ్‌తోనే బయటికి పోతుంది, మిగిలింది ఏసీ పిండాలి. గాలి వదిలే గ్రిల్‌ని స్టవ్ ఉన్న వైపే పెట్టి, ఏసీ గ్రిల్‌కి దూరంగా ఉంచండి. చల్లటి రేకు మీద ఆ తేమ పడితే చుక్కలు కారతాయి, కొన్నాళ్లకి బూజు. అక్కడ చిన్న హుడ్ కొనడమే తెలివి.

ఇంటి గాలిని ఫర్నేస్‌కి తిరిగి తెచ్చే రిటర్న్ పైపులోకి కలిపేస్తే అదే వేడి చేస్తుంది కదా?

మితంగా అయితే కలపొచ్చు. ఫర్నేస్ మొత్తం 1,200 సీఎఫ్‌ఎం తిప్పుతుంటే అందులో 300 బయటిగాలి 20 డిగ్రీలది కలిసిందనుకోండి. ఇంటి గాలి 70 అయితే కలిసిన గాలి 57.5 డిగ్రీలు. చాలా ఫర్నేస్‌లకి లోపలికొచ్చే గాలి 55, 60 కంటే చల్లగా ఉండకూడదని మాన్యువల్‌లో ఉంటుంది, లేకపోతే లోపలి లోహం తడిసి తుప్పు పడుతుంది. 300కే అంచు మీదున్నాం, 600కి కుదరదు. హుడ్ వేసినప్పుడు ఫర్నేస్ ఫ్యాన్ కూడా తిరిగేలా వైరింగ్ చేయాలి, అది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

వంటింట్లో ఆ గాలి ఎక్కడ వదలాలి?

అదే గదిలో, లేదా ఎప్పుడూ తెరిచుండే దారితో వంటింటికి కలిసిన గదిలో. హుడ్‌కి మరీ దగ్గరైతే తాజా గాలి వచ్చింది వచ్చినట్టు హుడ్‌లోకే పోతుంది, పొగ మిగులుతుంది. పైనుంచి స్టవ్ మీదికి ఊదితే మంట ఊగుతుంది, పొగ చెదురుతుంది. మాకు బాగా కుదిరింది, స్టవ్ ఎదుటి క్యాబినెట్ల అడుగున పొడవాటి గ్రిల్. గాలి నేలమీద నెమ్మదిగా పాకుతూ స్టవ్ వైపు వస్తుంది. ఫ్రిజ్ వెనక వదిలినవాళ్లూ ఉన్నారు.

బయట గోడకి ఎక్కడ పెట్టాలి?

గాలి తీసుకునే చోటు మురికిగాలి వదిలే చోట్లకి 10 అడుగుల దూరంలో ఉండాలి: డ్రయ్యర్ గొట్టం, వాటర్ హీటర్ గొట్టం, డ్రైనేజీ గొట్టం, కారు ఆపే చోటు. హుడ్ వదిలిన పొగనే మళ్లీ లోపలికి తెచ్చుకున్న ఇల్లొకటి చూశాను, ఇంగువ వాసన గుండ్రంగా తిరుగుతూనే ఉంది. మంచు పేరుకునే ఎత్తుకి పైన, చెత్తడబ్బాలు పెట్టే మూలకి దూరంగా ఉంచండి. జాలీ కన్నాలు పావు నుంచి అర అంగుళం ఉండాలి. దోమతెరలాంటి సన్న జాలీ వేస్తే నెలలో దూది పట్టి మూసుకుపోతుంది.

## పని జరిగేటప్పుడు

పైపు ఎంత లావు? ముడతల ఫ్లెక్సిబుల్ పైపు వేస్తానంటున్నాడు.

హుడ్ నుంచి బయటికి పోయే గొట్టానికి ముడతల పైపు ఒప్పుకోకండి. ఆ ముడతల్లో నూనె పేరుకుని నిప్పంటుకుంటుంది. నున్నటి జీఐ రేకు గొట్టమే వేయాలి. గాలి తెచ్చే గొట్టంలో జిడ్డుండదు కాబట్టి నిప్పు భయం లేదు, కానీ ముడతలు గాలిని ఆపుతాయి. 600 సీఎఫ్‌ఎం 8 అంగుళాల గొట్టంలో నిమిషానికి 1,700 అడుగుల వేగంతో పోతుంది, ఈల వేసినట్టు వినబడుతుంది. 10 అంగుళాలదైతే 1,100, మాట్లాడుకోవచ్చు.

చలి ఊళ్లలో ఈ గొట్టానికి ఇన్సులేషన్ తప్పనిసరి, పైపొర అతుకులన్నీ రేకు టేపుతో మూసేయాలి. ఒక్క సందు వదిలినా లోపలి తేమ అక్కడే నీరై సీలింగ్ మీద మరక పెడుతుంది. గొట్టం కొంచెం బయటివైపుకి వాలుగా ఉండాలి.

హుడ్ స్విచ్ వేయగానే ఇదీ ఎలా మొదలవుతుంది?

మూడు దారులున్నాయి. కొన్ని హుడ్‌లలో ఇందుకోసమే వైరు తగిలించే చోటుంటుంది, ఉంటే అదే మేలు. లేకపోతే హుడ్ వైరుకి కరెంటు పసిగట్టే రిలే తొడుగుతారు. లేదా హుడ్ గొట్టంలో పీడనాన్ని పట్టే స్విచ్ పెడతారు. కరెంటు రిలేతో ఒక చిక్కు: హుడ్ లైటు వేసినా డ్యాంపర్ తెరుచుకోవచ్చు. లైటు కరెంటు దాటాకే పనిచేసేలా సర్దమనండి. హుడ్ లో స్పీడ్ మీద ఉన్నప్పుడు 600 సీఎఫ్‌ఎం లోపలికి తోయడం అనవసరం, వేగం మార్చే ఫ్యాన్ దొరికితే తీసుకోండి. డ్యాంపర్ కరెంటు పోతే స్ప్రింగ్‌తో దానంతటదే మూసుకునే రకం కావాలి.

డ్యాంపర్‌ని సీలింగ్‌లో మూసేస్తే బాగుంటుందని మా డిజైనర్ అంటోంది.

కుదరదు. గోడా సీలింగూ పగలగొట్టకుండా డ్యాంపర్‌ని చూడటానికి, బాగుచేయడానికి, మార్చడానికి వీలుండాలని కోడ్‌లోనే ఉంది. చిన్న తలుపు పెట్టించి రంగు వేయించండి.

పర్మిట్ తీయకపోతే ఏమవుతుంది? హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) సంగతి?

నాకేమైందో భోగినాడు తెలిసింది. ఇన్‌స్పెక్టర్ మీద విసుక్కుంటాం కానీ, కాంట్రాక్టర్ పనిని మీ తరఫున ఉచితంగా చూసేవాడు అతనొక్కడే. బయట గోడ మీద కొత్త గ్రిల్ వస్తుంది కాబట్టి హెచ్‌ఓఏకి ముందే రాయండి. ఇంటి రంగులో ఉంటే సాధారణంగా పేచీ పెట్టరు.

ఖర్చు ఎంతవుతుంది?

డ్యాంపర్ కిట్ వందల్లో, ఫ్యాన్, హీటర్, వైరింగ్ అంతా కలిస్తే వేల డాలర్లలో. వంటిల్లు విప్పి ఉన్నప్పుడు చేయిస్తే గోడ పని మిగులుతుంది. అంతా అయ్యాక విప్పదీస్తే రెండింతలు ఏడుస్తారు. కొటేషన్లు అడిగేటప్పుడు హుడ్ సీఎఫ్‌ఎం, బయటి అత్యల్ప ఉష్ణోగ్రత, లోపలికి ఎన్ని డిగ్రీల గాలి కావాలి అన్న మూడూ రాసి ఇవ్వండి. వాటికి తిరుగు ప్రశ్న వేయని కాంట్రాక్టర్‌కి ఈ పని తెలియదనే నా నమ్మకం.

## వాడకంలో

అంతా బిగించాక సరిగ్గా ఉందని ఎలా నమ్మాలి?

కాంట్రాక్టర్ వెళ్లిపోకముందే అతని ముందే చూడండి. అన్నీ మూసి, హుడ్ హై మీద, డ్రయ్యర్, బాత్‌రూం ఫ్యాన్లు వేసి, వాటర్ హీటర్ టోపీ దగ్గర అగరబత్తి పట్టండి, పొగ పైకి లాగాలి. వీధి తలుపు చిటికెనవేలితో తెరుచుకోవాలి. హుడ్ ఆపాక బయట గ్రిల్ దగ్గర చెయ్యిపెట్టి, డ్యాంపర్ మూసుకుందో లేదో చూడండి. తెరిచే ఉండిపోతే చలికాలమంతా గోడలో రంధ్రమే.

దేన్ని ఎన్నాళ్లకి శుభ్రం చేయాలి?

హుడ్ జాలీలు మన వంటకి రెండు మూడు వారాలకొకసారి, వేడినీళ్లు, గిన్నెల సబ్బు. గాలి తెచ్చే ఫిల్టరు మూడు నెలలకోసారి చూసి, నల్లబడితే మార్చండి. బయట జాలీ మే, జూన్‌లలో కాటన్‌వుడ్ చెట్ల దూది ఎగిరే రోజుల్లో తప్పకుండా. ఫిల్టరు మూసుకుపోతే ఏర్పాటు ఉన్నా లేనట్టే, పైగా ఉందన్న ధీమాతో ఉంటాం.

మా అత్తగారు ఇండియా నుంచి వస్తే హుడ్ వేయరు, చప్పుడు అంటారు. ఏం చేయాలి?

ఆవిడ మాటా నిజమే, హై మీద చాలా హుడ్‌లు మిక్సీలా మోగుతాయి. నూనె పెట్టకముందే లో మీద వేసి, తాలింపు వేసే నిమిషం మాత్రం పెంచి, మళ్లీ తగ్గించి, వంటయ్యాక పది నిమిషాలు ఉంచమనండి. మా అమ్మ మాత్రం క్యాబినెట్ల కింద గ్రిల్ నుంచి వచ్చే గోరువెచ్చని గాలి కోసమే హుడ్ వేస్తుంది. కాళ్ల నొప్పులకి బాగుందట.

హైదరాబాద్ ఫ్లాట్‌లో అమ్మానాన్నలకి చిమ్నీ పెట్టించాను. అక్కడా ఇదంతా కావాలా?

అక్కడ లెక్క గంటకి ఘనపు మీటర్లలో ఉంటుంది. పెట్టె మీద 1,200 అని ఉంటే దాదాపు 700 సీఎఫ్‌ఎం, చిన్నదేం కాదు. చలి లేదు కాబట్టి హీటర్లూ ఫ్యాన్లూ అక్కర్లేదు, వాష్ ఏరియా తలుపో వంటింటి కిటికీయో నాలుగు వేళ్లు తీసి ఉంచితే చాలు. ఏసీ వేసి యూపీవీసీ కిటికీలన్నీ బిగించి చిమ్నీ వేసే ఇళ్లలోనే ఇబ్బంది. బాత్‌రూంలో గ్యాస్ గీజర్ ఉంటే మాత్రం ఊరుకోకండి. చిమ్నీ ఇంట్లో గాలిని తోడేస్తుంటే గీజర్ పొగ బయటికి పోక స్నానం చేస్తున్న మనిషి దగ్గరే ఉండిపోతుంది. దాన్ని తీయించి కరెంటుది పెట్టించండి. ఈసారి వెళ్లినప్పుడు చిమ్నీ గొట్టం ఎక్కడ తేలిందో కూడా చూడండి. మా నాన్న ఫ్లాట్‌లో బిగించినవాడు దాన్ని ఫాల్స్ సీలింగ్ పైన వదిలేసి వెళ్లాడు.